సత్యభామగారి ఆత్మ దిగుమతి

ఆస్ట్రేలియా భూభాగంలోకి ఏ ఆత్మా సరైన కాగితాలు లేకుండా ప్రవేశించరాదు. మనుషులు ప్రవేశించలేరన్న సంగతి మనకు ముందే తెలుసు. వేలిముద్రలూ, ఛాతీ ఎక్స్‌రేలూ, పెళ్ళి ఫొటోలూ ఇచ్చుకుని వచ్చినవాళ్ళమే కదా. ఆత్మల విషయంలో మాత్రం ఈ దేశం చాలాకాలం అశ్రద్ధ చేసింది. ఆ లోటు తీర్చడానికి పదకొండేళ్ళ కిందట సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో, ఒక మందుల షాపు పై అంతస్తులో, ‘సూక్ష్మ, అదృశ్య, ఇతర వస్తువుల దిగుమతి విభాగం’ స్థాపించారు. అప్పటినుంచి ఆ విభాగం ఏటా క్రమం తప్పకుండా నివేదిక ఇస్తూనే ఉంది. వచ్చిన వస్తువులు: లేవు. ఆపిన వస్తువులు: లేవు. సిబ్బంది కొరత: తీవ్రం.

అటువంటి విభాగానికి మొట్టమొదటి వస్తువును తెప్పించిన ఘనత ఆ పక్కనే ద పాండ్స్ అనే పేటలో ఉండే చిన్నంశెట్టి సత్యభామగారికి దక్కింది.

సత్యభామగారికి యాభై మూడేళ్ళు. పుట్టింది తెనాలి దగ్గర. ఒక చైల్డ్‌కేర్ సెంటర్లో వంట చేస్తారు. రోజూ తొంభైమంది పసిపిల్లలకు ఉప్పూ కారం లేని భోజనం వండుతారు (తెనాలి మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ చట్టంలోనూ లేదు). భర్త బాలమురళి రైలుపెట్టెల తలుపులు బాగుచేసే టెక్నీషియన్. పేరులో తప్ప ఆయనలో ఎక్కడా సంగీతం లేదు. కూతురు సాహిత్య యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతోంది. ఆ అమ్మాయికి తెలుగులో చెబితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి సత్యభామగారిని బృందగానంలోకి తీసుకున్నారు. మొదటి రోజునే సంగీతం టీచరు ఆమె దగ్గర ఆగి, “నీది గొంతు కాదమ్మాయ్, నూనె లేని బండి ఇరుసు. వెనక వరసలో నిలబడి పెదాలు ఆడించు, చాలు” అన్నది. సత్యభామగారు విధేయురాలైన విద్యార్థిని. ఆ తరవాత నలభై ఏళ్ళు గుళ్ళో భజనలూ, పేరంటాల్లో మంగళహారతులూ, చివరకు పుట్టినరోజు కేకు ముందు పాడే నాలుగు ముక్కలూ పెదాలతోనే పాడారు.

పోయిన ఫిబ్రవరిలో ఒక పొద్దున వంటగదిలో గుమ్మడికాయ తరుగుతుంటే రేడియోలో ఒక పాట వచ్చింది. పాడినది రోవీనా హాల్‌సాల్ అనే ఇరవై రెండేళ్ళ ఇంగ్లీషు పిల్ల. హల్ అనే రేవు పట్టణం ఆమెది. సోల్, అంటే ఆత్మ, అనే రకం సంగీతం పాడుతుంది. ‘కెటిల్ ఫర్ వన్’ అన్నది ఆ పాట పేరు, ఆమె మొట్టమొదటి ఆల్బం పేరూ అదే. పాటలో ఒక మనిషి తన ఒక్కదాని టీకి నీళ్ళు పెట్టుకుని, అలవాటు చొప్పున రెండు కప్పులు కడుగుతుంది. అంతే కథ. కానీ ఆ గొంతు! బరువుగా, మందంగా, పైకి వెళ్ళేటప్పుడు గరగరమంటూ తడి దుంగ మీద రంపం నడిచినట్టు ఉంది. సత్యభామగారి చేతిలో కత్తి ఆగిపోయింది. ఇది అచ్చం తన గొంతు. దీన్ని ఎవరూ వెనక వరసలో నిలబెట్టలేదు.

పిల్లల గుమ్మడికాయ ఆ రోజు పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. (అందుకు సంబంధించిన ఆలస్య నివేదిక ఆ సెంటర్లో ఇప్పటికీ భద్రంగా ఉంది.)

మూడు వారాల్లో ఆవిడకు ఆల్బం మొత్తం కంఠతా వచ్చేసింది. ఇంట్లో వంట చేసేటప్పుడు పొగ పీల్చే ఫ్యాను పెద్ద శబ్దంతో తిప్పి, ఆ శబ్దం చాటున పాడుకునేవారు. ఆ తరవాత లండన్‌లోని ఒక షాపుకు రోవీనా సంతకం చేసిన గ్రామఫోను రికార్డు కావాలని ఆర్డరు పెట్టారు.

“అమ్మా, వి డోంట్ ఈవెన్ హావ్ ఎ ప్లేయర్! ఫోన్లో ఫ్రీగా ఉంది కదా” అంది సాహిత్య.

“ఫోన్లో ఉన్నది నాది కాదే. చేతిలో పట్టుకుంటేనే నాది” అన్నారు సత్యభామగారు.

తీరా చూస్తే ఆ రికార్డుతో ఇంకొకటి కూడా వస్తోంది. మొదటి అయిదువందలమంది కొనుగోలుదారులకు అట్ట లోపల ఒక గులాబీరంగు కార్డు పెట్టారు. రోవీనా ఏ నగరంలో కచేరీ చేస్తే ఆ నగరంలో ఆ కార్డు ఉన్నవాళ్ళు వేదికెక్కి వెనక బృందంలో పాడవచ్చు. సిడ్నీ కచేరీ ఏప్రిల్లో ఒక శనివారం మధ్యాహ్నం. ఈ సంగతి షాపు నుంచి వచ్చిన ఈమెయిల్లో చదివి సత్యభామగారు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఒక పట్టుచీర తీసి ఇస్త్రీ చేసి, మళ్ళీ బీరువాలో పెట్టారు.

పార్సెల్ కట్టిన లండన్ అమ్మాయి నిజాయితీపరురాలు. కస్టమ్స్ కాగితం మీద ‘లోపల ఏముంది’ అన్నచోట ఉన్నది ఉన్నట్టుగా రాసింది: ‘సోల్, ఒకటి. యువతిది. బ్రిటిష్. మొదటిసారి బయటికి వచ్చినది.’

కచేరీ పదహారు రోజులుందనగా సత్యభామగారి ఫోనుకు సందేశం వచ్చింది. “మీ ఆత్మ నిలిపివేయబడినది. వివరాలకు యాప్ దింపుకోండి.”

బాలమురళి ఆ సందేశాన్ని రెండుసార్లు చదివి, భార్యను నఖశిఖపర్యంతం చూసి, “బానే ఉన్నావుగా?” అన్నారు.

ఆ సాయంత్రం ముగ్గురూ సోఫాలో కూర్చుని యాప్ తెరిచారు. ఫారంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి, జవాబులు మాత్రం రెండే: అవును, కాదు.

“క్వశ్చన్ వన్. ఈ సోల్‌కి బాడీ ఉందా?” చదివింది సాహిత్య.

“ఆ పిల్ల నిక్షేపంలా బతికుందిగా. ఉందని పెట్టు.”

“బాడీ కూడా సేమ్ పార్సెల్లో వస్తోందా?”

“పార్సెల్లో మనిషెట్టా వస్తుందే!”

సాహిత్య కాదని నొక్కింది. శరీరాన్ని వదిలి ఆత్మ ఒంటరిగా ప్రయాణిస్తున్నట్టు యాప్ ఎర్ర అక్షరాల్లో నమోదు చేసుకుంది.

“నెక్స్ట్. గత ముప్పై రోజుల్లో ఈ సోల్ ఏదైనా ఫార్మ్‌కి వెళ్ళిందా?”

సత్యభామగారు ఫోనులో ఆల్బం అట్ట బొమ్మ తీసి చూశారు. రోవీనా గోధుమ చేలో నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

“వెళ్ళింది. మట్టి కూడా కనబడతా ఉంది చూడు.”

“అమ్మా, ప్లీజ్. జస్ట్ సే నో.”

“అబద్ధం చెబితే వీసా తీసేస్తారే!”

“వి ఆర్ సిటిజన్స్, అమ్మా.”

“అయితే ఇంకా జాగర్తగా ఉండాల” అన్నారు బాలమురళి.

నిజం నొక్కారు. నిజానికి ఫలితం క్షణంలో వచ్చింది. విదేశీ పొలం మట్టి తగిలిన ఆత్మ గనక నలభై రోజులు క్వారంటైన్. అభ్యంతరాలుంటే బ్లాక్‌టౌన్ కార్యాలయంలో స్వయంగా హాజరు కావలెను. పదహారులోంచి నలభై తీసేస్తే ఏమి మిగులుతుందో సత్యభామగారు వేళ్ళ మీద లెక్క వేసి, లేచి వంటగదిలోకి వెళ్ళిపోయారు. ఫ్యాను వేసిన చప్పుడు వినబడింది. పాట వినబడలేదు.

సోమవారం బాలమురళి సెలవు పెట్టి భార్యను బ్లాక్‌టౌన్ తీసుకువెళ్ళారు. పై అంతస్తులో ఒకటే పెద్ద హాలు. పచ్చళ్ళకు ఒక కౌంటరు, విత్తనాలకు ఒకటి, చెక్క ఏనుగులకు ఒకటి, వరసగా ఎనిమిది. పచ్చళ్ళ క్యూ మెట్ల దాకా ఉంది. అందులో సగంమంది ఒకరినొకరు ఎరిగినవాళ్ళే అయినా ఎవరి గోంగూర మీద ఏ కేసు నడుస్తోందో తెలియకుండా గుంభనగా నిలబడ్డారు. ఆత్మల విభాగానిదైన తొమ్మిదో కౌంటరు ముందు మాత్రం ఎవరూ లేరు. అయినా టోకెన్ తీసుకోవాలి. సత్యభామగారికి ఒకటో నంబరు వచ్చింది. గోడ మీది తెర సున్నా దగ్గర ఉంది. సున్నా నంబరువారు వస్తారేమోనని విభాగం ఇరవై నిమిషాలు ఎదురుచూసి, రాకపోయేసరికి, వారు హక్కు వదులుకున్నట్టు నమోదు చేసి ఒకటిని పిలిచింది.

కౌంటరులో ఉన్న యువకుడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

“రండి ఆంటీ, కూసోండి. నా పేరు ఫర్హాన్, మాది నల్గొండ. పదకొండేండ్లల్ల మీరే ఫస్ట్ కస్టమర్. నేనొచ్చి నాలుగేండ్లాయె, ఇంక ట్రైనింగే నడుస్తుంది.”

“అది పాటల రికార్డు నాయనా. సోలంటే ఒక రకం సంగీతం, అంతే” అన్నారు సత్యభామగారు.

“నాకెరుకే ఆంటీ. ఆ పిల్ల పాటలు నేను గూడ వింట. కని సిస్టమ్‌ల సోల్ అని కొడితే రెండే వస్తయి. బతికున్నది, చచ్చిపోయింది. పాట అన్న ఆప్షనే లేదు.”

“మరి పెట్టె విప్పి చూడొచ్చుగా?” అన్నారు బాలమురళి.

“విప్పితే బయటికి పోతదేమోనని మా మేడమ్ ఒప్పుకుంటలేరు అంకుల్.”

మేడమ్ పేరు గ్లెండా. విభాగాధిపతి. ఆవిడ లోపలి గదిలోంచి ఒక లావుపాటి నిబంధనల పుస్తకం ఛాతీకి హత్తుకుని వచ్చారు. పదకొండేళ్ళుగా ఆ పుస్తకాన్ని ఎవరి మీదా ప్రయోగించే అవకాశం రాలేదు గనక ఆవిడ ముఖంలో తొలికానుపు తల్లి వెలుగు ఉంది. వస్తువు సంగీతమని రుజువైతే నలభై రోజులు అక్కర్లేదని ఆవిడ ఇంగ్లీషులో ఎంతో దయగా వివరించారు. రుజువు చేయాలంటే వస్తువును వినిపించాలి. వినిపించాలంటే విప్పాలి, విప్పడం నిషిద్ధం. అయితే పద్నాలుగో నిబంధన ‘సి’ ప్రకారం, విప్పలేని వస్తువు ఎలా ఉంటుందో దరఖాస్తుదారు స్వయంగా ప్రదర్శించి చూపవచ్చు.

“అంటే?” అన్నారు సత్యభామగారు.

ఫర్హాన్ గొంతు తగ్గించాడు. “మీరే పాడాలె ఆంటీ. ఈడనే. ఇప్పుడే.”

సత్యభామగారు హాలంతా కలయజూశారు. ఎనిమిది క్యూలు. పచ్చళ్ళ వరసలో తన వీధివాళ్ళు ఇద్దరు. చీర కొంగు వేలికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని, మొదలుపెట్టారు. పెదాలు కదిలాయి. నలభై ఏళ్ళ అనుభవంతో చక్కగా, ఎక్కడా తడబడకుండా కదిలాయి.

గ్లెండా అర నిమిషం చూసి ఫర్హాన్‌కు సైగ చేశారు. ‘శబ్దం లేదు’ అని రాసుకున్నాడు.

అప్పుడు బాలమురళి ముందుకు వంగి భార్య చెవిలో అన్నారు. “సత్యా, ఫ్యాను తిరుగుతా ఉందనుకో.”

ఆవిడ కళ్ళు తెరిచారు. “మీకెట్టా తెలుసు?”

“రోజూ టీవీ కట్టేసి హాల్లో వింటానే ఉన్నాగా. ఫ్యాను రొద కూడా అలవాటైపోయింది.”

సత్యభామగారు ఆయన వంక కాసేపు చూశారు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అంత పొడుగు చూపు ఆయనకు దక్కడం అదే మొదటిసారి. తరవాత ఆవిడ గొంతు విప్పారు.

ఇంగ్లీషు పాటే, కానీ తెనాలి యాసలో వచ్చింది. కెటిల్ కాస్తా కెటిలు అయింది. మొదటి చరణం వణికింది. రెండో కప్పు కడిగే చోటికి వచ్చేసరికి ఆ బరువైన గొంతు నేల మీద కాళ్ళూని లేచింది; గరగరమంటూ పైకి వెళ్ళి, విరుగుతుందేమో అనిపించిన చోట విరగకుండా నిలబడింది. పచ్చళ్ళ క్యూ అంతా ఇటు తిరిగింది. చెక్క ఏనుగును చంకలో పెట్టుకున్న ఒక ముసలాయన టోపీ తీసేశాడు. విత్తనాల కౌంటరులోని అధికారిణి ముద్ర ఎత్తి, వేయడం మరిచిపోయి, అలాగే పట్టుకుని నిలబడింది. గ్లెండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. (టిష్యూ పేపరు కోసం డ్రాయరు లాగారు గానీ, దానికి రెండు రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలని గుర్తొచ్చి మళ్ళీ మూసేశారు.)

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రభుత్వ కార్యాలయంలో చప్పట్లు కొట్టవచ్చునో లేదో ఎవరికీ తెలియదు. గ్లెండా సత్యభామగారి చేయి రెండు చేతులతో పట్టుకుని, “నిర్ణయం రెండు పనిదినాల్లో వస్తుంది” అన్నారు.

అన్నట్టే వచ్చింది.

“దరఖాస్తుదారు వద్ద ఆత్మ ఇదివరకే ఉన్నట్టు ఇద్దరు అధికారుల సమక్షంలో నిస్సందేహముగా రుజువైనది. ఉన్న వస్తువునే తిరిగి దిగుమతి చేసుకొనుటకు నిబంధనలు అంగీకరించవు. కావున మీ పార్సెల్‌ను పంపినవారికే తిప్పి పంపడమైనది. ఆత్మ కలిగియున్నట్టు ధ్రువపత్రము జతచేయడమైనది. అభినందనలు.”

ఆ సాయంత్రం ఫర్హాన్ సొంత ఫోను నుంచి మాట్లాడాడు. “సారీ ఆంటీ. నేను రిపోర్టుల ‘మస్తు పాడిన్రు’ అని రాసిన. అదే కొంప ముంచింది. కొంచెం గలీజుగ పాడిన్రని రాస్తే పార్సెల్ ఇచ్చేటోళ్ళు.”

“పోనీలే నాయనా. నా పాట బాగుందని కాగితం మీద రాసింది నువ్వొక్కడివే” అన్నారు సత్యభామగారు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ధ్రువపత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బాలమురళితో కలిసి కచేరీ జరిగే పార్కుకు వెళ్ళారు. బృందగానం వాళ్ళు వెళ్ళే గేటు దగ్గర ఒక యువకుడు ఆ పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివాడు.

“చాలా గట్టి పత్రం ఇది. కానీ గులాబీరంగులో లేదు” అన్నాడు.

ఆవిడ కళ్ళముందే నలభై ఒక్కమంది కార్డులు చూపించి లోపలికి వెళ్ళారు. వాళ్ళలో ఒకాయన తనకు పాట రాదనీ, భార్యకు జలుబు చేస్తే ఆవిడ కార్డు పట్టుకుని వచ్చాననీ గేటు మనిషికి చెప్పాడు. కార్డు గులాబీరంగులోనే ఉంది. వెళ్ళమన్నారు.

భార్యాభర్తలు ఇంటికి వెళ్ళలేదు. కంచె బయట గడ్డిలో, ఐస్‌క్రీం బండి పక్కన కూర్చున్నారు. వేదిక కనబడదు, పాట మాత్రం బాగా వినబడుతుంది. కెటిల్ పాట మొదలైనప్పుడు సత్యభామగారు లేచి నిలబడి, కంచె అవతల రోవీనా, ఇవతల తాను, చివరిదాకా పాడారు. బాలమురళి పక్కన నిలబడి పూర్తిగా తాళం తప్పి చప్పట్లు కొట్టారు. ఐస్‌క్రీం క్యూలోంచి పన్నెండుమంది తమ చోటు వదులుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఈ దేశంలో మనుషులు క్యూ నుంచి తమంత తాము తప్పుకోవడం ఇదే మొదటిసారి అయి ఉంటుందని నా నమ్మకం. దాన్ని నమోదు చేసే అధికారి ఎవరూ అక్కడ లేకపోవడం విచారకరం.

అలా అది అయిపోయింది అనుకుంటుండగా, మే నెలలో గ్లెండా ఫోను చేశారు. విభాగంలో అన్ని సంస్కృతులనూ గౌరవించే వార్షిక విందు జరుపుతున్నారు. సత్యభామగారు వచ్చి ఆ పాట పాడాలి. వీలైతే వస్తూ వస్తూ పదకొండుమందికి సమోసాలు తేవాలి.

సత్యభామగారు సరేనని ఫోను పెట్టేశారు. తరవాత వంటగదిలో గిన్నెలన్నీ అవసరానికి మించిన చప్పుడుతో సర్దారు. ఆ పైన బల్ల దగ్గర కూర్చుని ఒక తెల్లకాగితం తీసుకున్నారు.

“ఏం రాస్తున్నావు?” అన్నారు బాలమురళి.

“ఫారం. నా పాట కావాలంటే నింపమనండి.”

అందులో మొదటి ప్రశ్న ఇది: పాట వ్యక్తికి కావాలా, విభాగానికి కావాలా? విభాగానికైతే దానికి చెవులున్నట్టు రుజువు జతచేయండి. రెండోది: గత ముప్పై రోజుల్లో ఏదైనా పాట విని చేస్తున్న పని ఆపారా? ఆపకపోతే కారణాన్ని నూరు మాటల్లో రాయండి. ఇలా పద్నాలుగున్నాయి. అన్నిటికన్నా కింద, జవాబుల పరిశీలనకు అరవై రోజులు పట్టునని రాశారు.

“అరవయ్యా?”

“వాళ్ళు నలభై పెట్టారుగా. నేను తగ్గాలా?”

సాహిత్య పగలబడి నవ్వుతూ దాన్ని టైపు చేసి, గీతలు గీసి, పైన ఒక నంబరు కూడా వేసి పంపింది. పంపిన తరవాత సత్యభామగారికి రెండు రోజులు నిద్ర పట్టలేదు. గ్లెండాకు కోపం వస్తుంది, రావాలనే రాశారు, అయినా భయమే. పెద్దావిడను నొప్పించానేమో, సమోసాలైనా పంపితే బాగుండేదేమో అనుకున్నారు.

మూడో రోజు జవాబు వచ్చింది. ఫారం పూర్తిగా నింపి ఉంది. పదకొండుమంది ఉద్యోగుల వినికిడి పరీక్షల రిపోర్టులు జతచేసి ఉన్నాయి. రెండో ప్రశ్నకు గ్లెండా సరిగ్గా నూరు మాటలు రాశారు. ఇంత స్పష్టమైన, మానవీయమైన ఫారాన్ని తన ఉద్యోగజీవితంలో చూడలేదనీ, విభాగం పాత ఫారాన్ని రద్దు చేసి ఇకపై దీన్నే వాడబోతోందనీ, అందుకు కృతజ్ఞతలనీ పైన ఉత్తరం పెట్టారు.

పోయిన వారం లండన్ అమ్మాయి రికార్డును మళ్ళీ పంపింది. అది బ్లాక్‌టౌన్ చేరింది. సత్యభామగారు కొత్త ఫారం నింపి ఇచ్చారు. పరిశీలనకు అరవై రోజులు పడుతుంది.